బిగిస్తే చాలదు... బండి ఆగాలి!

తాతగారి అంబాసిడర్‌కు బ్రేక్ మాస్టర్ సిలిండర్ పోయింది. ఆ మోడల్‌ది బజారులో దొరకడం లేదు. 'మారుతిది వేద్దాం సార్, మంచిగ కూసుంటది' అంటాడు మెకానిక్. కూర్చుంటుంది సరే... కారును ఆపుతుందా? ఒక కారు బ్రేకు ఇంకో కారుకు పెట్టడం వెనుక ఉన్న లెక్కలేంటి?

గద్వాల చీర గొప్పతనం అతుకులోనే ఉంటుంది. చీర ఒళ్లంతా నూలు. అంచూ, కొంగూ పట్టు. రెండూ రెండు రకాల పోగులు. అయినా లాగితే ఊడిరావు. జోగులాంబ గద్వాల జిల్లాలో, తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలిలో తరతరాలుగా మగ్గాల మీద సాగుతున్న పని అది. పాత కారుకు వేరే కారు బ్రేకు భాగం పెట్టడమూ కాస్త అలాంటిదే. ఆ రెంటికీ పొత్తు కుదరాలి. కాకపోతే చీరలో అతుకు చెడితే చీర పోతుంది. బ్రేకులో అతుకు చెడితే మనుషులే పోతారు.

రాజోలి లాంటి ఊళ్లలో ఒకప్పుడు కారంటే అంబాసిడరే. కాదంటే ఫియట్. పెళ్లికొడుకు ఊరేగాలన్నా, పురిటి నొప్పులొచ్చిన ఇల్లాలిని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలన్నా ఆ బండ్లే దిక్కు. తర్వాత కాలం మారింది. ఫియట్‌కు వారసురాలైన ప్రీమియర్ పద్మిని తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది. 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. కొందరి ఇళ్లలో మాత్రం ఆ బండ్లు ఇంకా ఉన్నాయి. అమ్మబుద్ధికాక కొందరు ఉంచుకుంటే, ముచ్చటపడి వెతికి కొనుక్కున్నవాళ్లు ఇంకొందరు.

ఇంజిను మొరాయిస్తే కారు కదలదు, అంతే. ఇంటి ముందే ఉంటుంది. బ్రేకు మొరాయిస్తే మాత్రం ఆ సంగతి రోడ్డు మీద, అదీ అవసరమైన క్షణంలోనే తెలుస్తుంది!

ఒక్క పైపు పగిలితే...

మాస్టర్ సిలిండర్ అంటే ఏంటి? మనం పెడల్ తొక్కినప్పుడు ఆ బలాన్ని బ్రేక్ ఆయిల్‌కు అందించే గొట్టం. లోపల ఒక పిస్టన్, దాని చుట్టూ రబ్బరు వాషర్లు ఉంటాయి. పైన ఆయిల్ డబ్బా. పిస్టన్ ముందుకు వెళితే ఆయిల్ సన్నటి పైపుల గుండా నాలుగు చక్రాలకూ వెళ్లి, అక్కడి వీల్ సిలిండర్లను తోస్తుంది. అవి బ్రేక్ షూలను డ్రమ్ముకు అదుముతాయి. బండి ఆగుతుంది.

పాత తరం అంబాసిడర్లు, ఫియట్లలో ఈ ఏర్పాటుకు ఉన్నది ఒక్కటే దారి. నాలుగు చక్రాలకూ ఒకే పిస్టన్, ఒకే గది. ఎక్కడో వెనక చక్రం దగ్గర రబ్బరు పైపు పగిలిందనుకోండి. ఆయిలంతా అక్కడి నుంచే పోతుంది. పెడల్ నేలకు తగులుతుంది. ఒక్క చక్రానికి వచ్చిన జబ్బుతో నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఇక మిగిలేది హ్యాండ్ బ్రేకూ, దేవుడూ!

తర్వాత వచ్చిన కార్లలో దీనికి విరుగుడు కనిపెట్టారు. అదే టాండెమ్ మాస్టర్ సిలిండర్. ఒకే గొట్టంలో ఒకదాని వెనక ఒకటి రెండు పిస్టన్లు, రెండు గదులు. ఒకటి ముందు చక్రాలకు, రెండోది వెనక చక్రాలకు. కొన్ని కార్లలో ఐమూలగా కలుపుతారు... ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒక జత. ఒక దారి పగిలినా రెండోది పనిచేస్తుంది. కారు కాస్త ఎక్కువ దూరం వెళ్లినా ఆగుతుంది.

అమెరికాలో 1968 జనవరి నుంచి కొత్త కార్లన్నింటికీ ఈ రెండు దారుల బ్రేకు తప్పనిసరి చేశారు. స్వీడన్‌కు చెందిన సాబ్ కంపెనీ 1963లోనే ఐమూల పద్ధతి తెచ్చింది. మన దగ్గర పాత మోడళ్లు మాత్రం చాలాకాలం ఒంటిదారితోనే తిరిగాయి. కాబట్టి పాత కారుకు కొత్త కారు మాస్టర్ సిలిండర్ పెట్టాలన్న ఆలోచన తప్పేం కాదు. సరిగా చేస్తే మంచిదే. ఆ 'సరిగా' దగ్గరే ఉంది చిక్కంతా.

రెండు సిరంజిలతో తేలిపోతుంది

ఈ లెక్క అర్థం కావడానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు. పిల్లలతో కలిసి ఇంట్లోనే చేయొచ్చు. సూదుల్లేని సిరంజిలు రెండు తీసుకోండి. ఒకటి సన్నది, ఒకటి లావుది. సన్నటి పైపుతో రెంటినీ కలిపి నీళ్లు నింపండి. సన్న సిరంజిని నొక్కితే లావు సిరంజి చాలా బలంగా లేస్తుంది, కానీ కొద్దిగానే లేస్తుంది. లావుదాన్ని నొక్కితే సన్నది చాలా దూరం లేస్తుంది, కానీ దాన్ని వేలితో ఆపేయొచ్చు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన సూత్రం ఇదే. బలం పెరిగితే దూరం తగ్గుతుంది. దూరం పెరిగితే బలం తగ్గుతుంది. రెండూ కావాలంటే కుదరదు.

మాస్టర్ సిలిండర్ కూడా సిరంజే. దాని లోపలి వ్యాసాన్ని 'బోరు' అంటారు. ముప్పావు అంగుళం బోరు అంటే 19.05 మి.మీ. అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులంటే 22.2 మి.మీ. చూడ్డానికి తేడా 3 మి.మీ. పైచిలుకే. పక్కపక్కన పెట్టినా చప్పున తెలియదు. కానీ పని చేసేది వ్యాసం కాదు, వైశాల్యం. మొదటిదాని వైశాల్యం 2.85 చదరపు సెంటీమీటర్లు, రెండోదానిది 3.88. అంటే మూడోవంతుకు పైగా తేడా!

ఇప్పుడు కాలితో 20 కిలోల బలంతో తొక్కారనుకుందాం. పెడల్ ఒక మీట. దాని పొడవు వల్ల ఆ బలం అయిదు రెట్లయితే పిస్టన్ మీద 100 కిలోలు పడుతుంది. ముప్పావు అంగుళం బోరులో అది చదరపు సెంటీమీటరుకు 35 కిలోల ఒత్తిడి అవుతుంది. పెద్ద బోరులో సుమారు 26 కిలోలే. కాలు అదే, తొక్కుడు అదే. బ్రేకు బలం మాత్రం పావువంతుకు పైగా తగ్గిపోయింది. పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది. 'అబ్బ, బ్రేకు భలే గట్టిగా ఉంది' అని యజమాని మురిసిపోతాడు. బండి మాత్రం ఆగాల్సిన చోట ఆగదు.

పోనీ చిన్న బోరు వేస్తే? ఒత్తిడి బాగానే వస్తుంది. కానీ చక్రాలను పట్టుకోవడానికి 6 మి.లీ. ఆయిల్ కావాలనుకోండి. పెద్ద బోరులో పిస్టన్ ఒకటిన్నర సెంటీమీటర్లు కదిలితే చాలు. చిన్నదాంట్లో 2.1 సెం.మీ. కదలాలి. పెడల్ దగ్గరికొచ్చేసరికి అది అయిదు రెట్లు... ఒకచోట 7.7 సెం.మీ., ఇంకోచోట 10.5 సెం.మీ. పెడల్‌కూ నేలకూ మధ్య అంత జాగా లేకపోతే బ్రేకు పడకముందే పెడల్ నేలకు తగులుతుంది!

కాబట్టి వేరే కారు సిలిండర్ కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న 'బోల్టులు సరిపోతాయా?' కాదు. 'బోరు ఎంత?' అన్నదే. చాలా సిలిండర్ల ఒంటి మీదే ఆ అంకె పోతపోసి ఉంటుంది. లేకపోతే వెర్నియర్‌తో కొలిపించాలి.

బూస్టర్ లేకుండా వస్తే...

కొత్త కార్లలో మాస్టర్ సిలిండర్ ఒంటరిగా ఉండదు. దాని వెనక చిన్న డ్రమ్ములా బూస్టర్ ఉంటుంది. ఇంజిను పీల్చే గాలి వల్ల ఏర్పడే శూన్యంతో అది మన కాలి బలాన్ని పెంచుతుంది. ఆ ధీమాతోనే కంపెనీలు ఆ కార్లకు పెద్ద బోరు సిలిండర్లు ఇస్తాయి. బూస్టర్‌ను పాత కారులోనే వదిలేసి సిలిండర్ ఒక్కటే పట్టుకొస్తే ఏమవుతుంది? పైన చెప్పిన రాయి పెడలే మిగులుతుంది.

ఇంకో ప్రమాదమూ ఉంది. బూస్టర్‌తో వాడే సిలిండర్లలో పిస్టన్ వెనక ఉండే గుంత సాధారణంగా లోతు తక్కువ. పెడల్ నుంచి వచ్చే పుష్ రాడ్‌ను నేరుగా అందులో ఆనిస్తే, గతుకుల్లో అది జారి పక్కకు పోవచ్చు. బూస్టర్ లేని బండికి లోతు గుంత ఉన్న సిలిండరే వెతకాలి.

సరే, బూస్టర్ కూడా పెట్టేద్దామంటారా? పెట్రోలు బండి అయితే శూన్యం ఇంజిను నుంచే దొరుకుతుంది. డీజిల్ అంబాసిడర్ అయితే అలా కుదరదు. డీజిల్ ఇంజిన్లో ఆ పీల్పు ఉండదు. విడిగా వాక్యూమ్ పంపు ఉండాలి. డీజిల్ కార్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వెనకాల కనిపించేది అదే. పంపు లేకుండా బూస్టర్ పెడితే అలంకారానికి పెట్టినట్టే.

డిస్కా... డ్రమ్మా?

దాత కారుకు ముందు డిస్క్ బ్రేకులుండి, మన కారుకు నాలుగూ డ్రమ్ములే అయితే మరో తిరకాసు. డ్రమ్ము బ్రేకుల్లో స్ప్రింగులు షూలను వెనక్కి లాగేస్తుంటాయి. అందుకే చాలా పాత డ్రమ్ము బండ్లలో పైపుల్లో కొంచెం ఒత్తిడి మిగిలేలా చిన్న వాల్వు పెడతారు. డిస్క్ దారిలో అంత ఒత్తిడి మిగిలితే ప్యాడ్లు డిస్క్‌ను వదలవు. అంటే డిస్కుకు ఉద్దేశించిన దారిని డ్రమ్ముకు కలిపితే పెడల్ లూజుగా ఉంటుంది. డ్రమ్ము దారిని డిస్కుకు కలిపితే చక్రం పట్టేస్తుంది. కొన్ని కొత్త సిలిండర్లలో వెనక చక్రాలకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే వాల్వు కూడా కలిసే ఉంటుంది. దాన్ని పొరపాటున ముందు చక్రాలకు కలిపితే, ఎక్కువ భారం మోయాల్సిన ముందు బ్రేకులే నీరసపడిపోతాయి.

అందుకే వీలైతే దాతను సొంత వంశంలోనే వెతకడం మేలు. అంబాసిడర్‌కు తర్వాతి తరం అంబాసిడర్, పద్మినికి చివరి రోజుల పద్మిని. అప్పుడైనా బోరు, వాల్వు కొలిచాకే బిగించాలి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో పాత సరుకు వెతికేవాళ్లు మోడల్ పేరు ఒక్కటే కాదు, ఈ కొలతల చీటీ కూడా జేబులో పెట్టుకెళ్లాలి.

మోసం చేసే మర

బ్రిటిష్ వంశపు పాత కార్ల బ్రేకు పైపుల నట్లకు అంగుళాల కొలత మర ఉంటుంది. జపాన్ వంశపు మారుతిలకు మిల్లీమీటర్ల మర. అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల నట్టు, 10 మి.మీ. నట్టు కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదాంట్లో ఇంకోటి రెండు చుట్లు తిరుగుతుంది కూడా! ఆపైన పానాతో బలవంతంగా తిప్పితే మర చితికిపోతుంది. అప్పటికి కారకపోవచ్చు. గట్టిగా బ్రేకు వేసిన రోజున ఊడిపోతుంది. చేత్తో చివరిదాకా తిరగని నట్టును పానాతో తిప్పకూడదన్నది పాత సూత్రం. బ్రేకు విషయంలో అది చట్టమే.

పైపు చివరను విప్పార్చే తీరులోనూ తేడా ఉంటుంది. ఒకటి గరాటులా లోపలికి మడత పడుతుంది. ఇంకోటి బుడగలా ఉబ్బుతుంది. ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. సరైన నట్టు, సరైన ఫ్లేరింగుతో కొత్త పైపు చేయించుకోవాలి. దానికి అయ్యే ఖర్చు పెద్దదేం కాదు.

ఒక్క మిల్లీమీటరు ఖాళీ

అన్నీ కుదిరాక కూడా బండిని ఆపేది, లేదా ఆగనివ్వనిది ఒక్క మిల్లీమీటరు. పెడల్ వదిలేసినప్పుడు పుష్ రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య దాదాపు అంత ఖాళీ ఉండాలి. ఎందుకంటే సిలిండర్‌లో ఆయిల్ డబ్బాకు వెళ్లే సన్నటి రంధ్రం ఒకటుంటుంది. పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే అది తెరుచుకుంటుంది. రాడ్ పొడవెక్కువై పిస్టన్‌ను కాస్త ముందుకు తోసి ఉంచితే రంధ్రం మూసుకుపోతుంది. షెడ్డు ముందు నాలుగు చుట్లు తిప్పితే ఏమీ తెలియదు. రాజోలి నుంచి కర్నూలు దారి పట్టాక డ్రమ్ములు వేడెక్కుతాయి. ఆయిల్ వ్యాకోచిస్తుంది. వెనక్కి వెళ్లే దారి లేక షూలను తనే అదుముతుంది. అదిమినకొద్దీ వేడి, వేడెక్కినకొద్దీ అదుముడు. చివరికి చక్రాలు పట్టేస్తాయి, లేదా ఆయిల్ మరిగి ఆవిరై పెడల్ ఖాళీగా దిగిపోతుంది.

ఆయిల్ సంగతికొస్తే, డాట్-3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. డాట్-4 అయితే 230 డిగ్రీలు. కానీ ఈ రెండూ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. తేమ పట్టాక ఆ హద్దులు 140, 155 డిగ్రీలకు పడిపోతాయి. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచెత్తినట్టు వరద వచ్చినప్పుడు నీట మునిగిన బండ్ల సంగతి చెప్పక్కర్లేదు. డ్రమ్ములు, వీల్ సిలిండర్లు అన్నీ విప్పి, ఆయిల్ మొత్తం మార్చాకే అలాంటి బండి కదలాలి. రబ్బరు వాషర్లను కిరోసిన్‌తోనో పెట్రోల్‌తోనో కడిగే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. దాంతో రబ్బరు ఉబ్బిపోతుంది. కొత్త కిట్ అయినా దండగే.

వాళ్లెలా చేస్తున్నారు?

పాత కార్ల పిచ్చి మనకే కాదు. అమెరికాలో 1965, 66 నాటి ఫోర్డ్ ముస్టాంగ్ కార్లకు ఒంటిదారి బ్రేకులు ఉండేవి. 1967 మోడల్‌కు రెండు గదుల సిలిండర్ వచ్చింది. ఆ 67 సిలిండర్‌ను పాత ముస్టాంగ్‌లకు పెట్టుకోవడం అక్కడ ఎంత మామూలైందంటే, అందుకు కావాల్సిన పైపులతో సహా కిట్లు అమ్ముతారు. సొంత వంశంలో దాతను వెతకడం అంటే ఇదే. ఇంగ్లండులో మోరిస్ మైనర్‌ది మరో కథ. దాని మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద, ఛాసిస్ లోపల ఉంటుంది. ఆయిల్ చూడాలంటే కింద పరిచిన కార్పెట్ ఎత్తాలి! అందుకే కొందరు దాన్ని బానెట్ కిందికి మారుస్తారు.

ఇంతకీ ఈ హైడ్రాలిక్ బ్రేకు కనిపెట్టిన మాల్కమ్ లాహెడ్ ఎవరో తెలుసా? విమానాల కంపెనీ 'లాక్‌హీడ్' పుట్టుకకు కారణమైన అన్నదమ్ముల్లో ఒకరు. పేరు పలకడం జనానికి కష్టమవుతోందని అక్షరాలు మార్చుకున్నారు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆయన తరహా బ్రేకులతో మార్కెట్లోకి వచ్చింది.

మార్చాలా... బాగు చేయించాలా?

వేరే కారు సిలిండర్ ఒక్కటే దారి కాదు. పాతదాని లోపల గీతలు పడి ఆయిల్ కారుతుంటే, లేత్ మీద కోసి ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవ్ వేయించి మళ్లీ అసలు కొలతకు తేవచ్చు. బోరు మారదు, మర మారదు, లెక్కలు మారవు. కారు అసలు రూపం చెడదు. లోపం ఒక్కటే... ఒంటిదారి ఒంటిదారిగానే ఉంటుంది. అప్పుడప్పుడు బయటికి తీసే ముచ్చట బండికి ఇది చాలనుకోవచ్చు. కుటుంబమంతా ఎక్కి హైవే మీద తిరిగే బండి అయితే రెండు దారుల సిలిండర్ కోసం శ్రమపడటం న్యాయమే.

చట్టాన్నీ చూసుకోవాలి. కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే మాట చెప్పింది. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021 జులైలో కేంద్రం 'వింటేజ్' నిబంధనలు తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజిను అసలు రూపంలో ఉంటేనే ఆ హోదా. కొత్త సిలిండర్ కోసం బాడీ రేకు కోసేముందు ఆ సంగతి గుర్తుండాలి. పని మొదలుపెట్టకముందే ఆర్టీఏ ఆఫీసులోనూ, బీమా కంపెనీలోనూ అడగడం, బిల్లులన్నీ దాచుకోవడం మంచిది.

అసలు పరీక్ష

రెండు గదుల సిలిండర్ పెట్టించుకున్న చాలామంది చేయించని పరీక్ష ఒకటుంది. ఒక దారి పోయినప్పుడు ఆ గదిలోని పిస్టన్ ఉత్తినే చివరిదాకా వెళ్లి ఆనుకున్నాకే రెండో దారిలో ఒత్తిడి పుడుతుంది. అంటే పెడల్ చాలా కిందికి దిగాకే బ్రేకు పడుతుంది. అంత జాగా లేక పెడల్ ముందే నేలకు తగిలితే, ఆ రెండో దారి ఉన్నా లేనట్టే. డబ్బంతా పోసి మళ్లీ ఒంటిదారి బ్రేకే కొనుక్కున్నట్టు!

తెలుసుకోవడం కష్టం కాదు. కారును చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డాలు పెట్టి, ముందు చక్రం బ్లీడింగ్ నిపుల్ వదులు చేయించాలి. పెడల్ తొక్కితే కిందికి దిగాలి, కానీ నేలకు తగలకముందే గట్టిపడాలి. నిపుల్ బిగించి, ఎయిర్ తీయించి, వెనక చక్రంతోనూ అలాగే చూడాలి. రెండుసార్లూ పెడల్ నిలబడితేనే పని పూర్తయినట్టు. మెకానిక్‌కు డబ్బులిచ్చేది ఆ తర్వాతే!

రోడ్డెక్కే ముందు...

* పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. మెల్లగా దిగుతోందంటే లోపలి వాషర్లు ఆయిల్‌ను ఆపడం లేదు.
* రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పెడల్ పైకి వస్తోందా? పైపుల్లో గాలి ఉండొచ్చు, లేదా షూలు సర్దాల్సి ఉండొచ్చు.
* బూస్టర్ ఉంటే, ఇంజిను ఆపి నాలుగైదుసార్లు తొక్కి, పెడల్ మీద కాలు ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి.
* జనం లేని చోట మెల్లగా నడిపి బ్రేకు వేసి చూడండి. బండి ఒక పక్కకు లాగకూడదు. వెనక చక్రాలు ముందుగా పట్టేయకూడదు.
* పది కిలోమీటర్లు తిప్పాక డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అది వదలడం లేదని అర్థం.
* మొదటి నెలంతా వారానికోసారి ఆయిల్ డబ్బా చూడండి. మట్టం తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. మళ్లీ నింపేసి ఊరుకోకుండా ఎక్కడ కారుతోందో వెతికించండి.